జీపుల్నే పోతం

జీపు ముందు భాగంలోంచి ఆవిరి బుస్సుమని లేచింది. నారాయణ ఇంజను ఆపేశాడు.

పోయినేడు వానల నుంచి పాకలోనే ఉన్న పాత బండి. తెల్లారితే మహబూబాబాద్ గుడిలో శారద పెండ్లి. బయ్యారం అవతలున్న ఈ పల్లె నుంచి అక్కడికి, ఈ ఎండల్లో, ఈ జీపే పోవాలి.

అప్పుడే తమ్ముడు వెంకట్రాం వచ్చాడు. వాకిట్లోకి రాకుండా గేటు బయటే నిలబడ్డాడు.

“అన్నా, ఆఖరుసారి చెప్తున్న. మన ఇంట్ల ఇసొంటిది ఎన్నడన్న అయిందా? నలుగుట్ల తలెత్తుకునేటట్టు లేదు.”

నారాయణ జీపు దిగాడు.

“సరే, చేస్తే చెయ్యి. చీకటితోటి బస్సెక్కించి తీస్కపో. ఊరి నడుమకెల్లి జీపుల పోవుడెందుకు? ఎవ్వలకు ఎరుకగాకుంట అయిపోతది గద.”

“దొంగతనం చేస్తున్నమా? జీపుల్నే పోతం. పొద్దెక్కినంకనే పోతం.”

“నా ఇంటి ముంగట బండి ఆగితే నూకనీకి కూడ ఎవ్వడు రాడు. యాదుంచుకో.”

వెంకట్రాం వెళ్ళిపోయాడు. నారాయణకు కోపం రాలేదు. చాన్నాళ్ళుగా అతనికి ఏదీ రావడం లేదు. కంచం ముందు పెడితే తినేవాడు. పొలం పనుందంటే పోయేవాడు. ఈ సంబంధం ఒక్కటే తనంతట తాను కదిలి చేశాడు. సర్కారు బడిలో పాఠాలు చెప్పే సంజీవ ఇంటికి తానే వెళ్ళాడు, తానే అడిగాడు.

జీపు బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

“ఆగుండ్రి బాపూ! ఇప్పుడే తియ్యకుండ్రి. నీళ్ళు మసులుతున్నయి. మొఖం మీదికి ఎగజిమ్ముతయి.”

శారద వాకిట్లోకి వచ్చింది. గోరింటాకు పెట్టని చేతులు. కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. జీపు పక్కనే ఇద్దరూ నిలబడ్డారు. ఇంజను చల్లారేదాకా అట్లాగే ఉన్నారు.

ఈ బండి బాగుచేస్తుంటే పక్కన నిలబడి చూసిందే కాబట్టి, తర్వాత ఆమే చెప్పింది. మూతను గుడ్డతో పట్టుకుని తిప్పమంది. రేడియేటర్ అడుగున చిన్న నల్లా ఉంటుందని, దాని కింద ఇనుప తట్ట పెట్టమని చెప్పింది. నారాయణ నేల మీద పడుకుని నల్లా విప్పాడు. కూలెంట్ మందుతో పచ్చగా రావాల్సిన నీళ్ళు ఎర్రగా, చిక్కగా కారాయి.

“బయ్యారం మన్ను లెక్కనే ఉన్నయి,” అన్నాడు.

“తుప్పు బాపూ. అంత పోవాలె.”

తట్ట నిండగానే ఆమె దాన్ని దొడ్డి వెనక్కి తీసుకుపోయి, గుంట తీసి పోసి, పైన మన్ను కప్పింది. “ఆ మందు తియ్యగుంటదట. దూడ నాకితె సస్తది,” అంది తిరిగొచ్చి.

నారాయణ బావి నీళ్ళ బిందె ఎత్తాడు. ఆమె వద్దంది. బావి నీళ్ళతో లోపలంతా కడగొచ్చు గాని, చివరికి నింపేవి మాత్రం కాగబెట్టి చల్లార్చినవే కావాలంది. లేకపోతే లోపల ఉప్పు పేరుకుంటుందట.

వంటింట్లో సరోజన పొయ్యి మీద పెద్ద గంజు నిండా నీళ్ళు పెట్టింది. సరోజన నారాయణ భార్య. రెండు రోజుల నుంచి శారద చీరలు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. నీళ్ళు చల్లారాక గంజు తెచ్చి జీపు దగ్గర దించింది.

“ఎల్లుండి పొద్దుగాల చాయ్ ఎవ్వలకని పెట్టాలె?” అంది ఎవరి వంకా చూడకుండా.

శారద గంజును నీడకు జరిపింది.

బావి నీళ్ళు పోశారు, వదిలారు. మళ్ళీ పోశారు. నల్లాలోంచి తేటగా వచ్చేదాకా కడిగారు. నల్లా బిగించాక, వరంగల్ నుంచి తెప్పించిన పచ్చటి కూలెంట్‌ను చల్లార్చిన నీళ్ళలో కలిపి నారాయణ మెల్లగా పోశాడు. మూత పెట్టకుండానే ఇంజను నడపమంది శారద. రబ్బరు గొట్టాన్ని చేత్తో నొక్కుతూ వదులుతూ నిలబడింది. బుడగలు పైకొచ్చాయి. మట్టం దిగింది.

“గాలి పోతున్నది. ఇంకొంచెం పొయ్యిండ్రి.”

పోశాడు. బుడగలు ఆగాయి. అప్పుడు మూత బిగించాడు. ఆమె చేతులు నల్లబడ్డాయి. నారాయణ తన భుజం మీది తువ్వాల తీసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దెక్కాక బయలుదేరారు. సరోజన రాలేదు. “నేను చూడలేను,” అంది. గేటు దాకా వచ్చి, శారద తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

జీపు ఊరి నడుమ నుంచే పోయింది. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. పైకప్పు లేని బండి. పసుపు చీర కట్టుకున్న శారద అందరికీ కనబడుతూనే ఉంది. ఆమె తల దించుకోబోతే నారాయణ అన్నాడు, “సక్కగ కూసో బిడ్డా.”

వెంకట్రాం ఇంటి ముందు ఎత్తుకెక్కే చడావు వచ్చింది. బండి మూలిగింది. నారాయణ వేడి చూపే ముల్లు వైపు చూశాడు. అది సగంలోనే నిలిచి ఉంది. చడావు దాటేసరికి వెనక వెంకట్రాం ఇంటి తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. శారద ఉలిక్కిపడింది. నారాయణ వెనక్కి తిరిగి చూడలేదు.

గుడిలో సంజీవ, అతని తల్లి, ఇద్దరు ముగ్గురు బడి సార్లు ఎదురుచూస్తున్నారు. బాజా లేదు. పంతులు పీట చూపించాడు.

“పిల్ల తండ్రి ఇక్కడ కూర్చోవాలి.”

నారాయణ కూర్చున్నాడు. శారద చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నూనె మరక ఇంకా పోలేదు.

“మీ గోత్రం చెప్పండి,” అన్నాడు పంతులు.

నారాయణ శారద వైపు చూశాడు. పంతులు మళ్ళీ అడిగాడు.

“ఈమె నా కోడలు పంతులుగారూ, నా కొడుకు కాలంజేసి ఏడాదైతంది, ఏ గోత్రం చెప్పమంటరు?”