పన్నెండో గోడ

సైన్‌బోర్డులు రాసే భాస్కరం సున్నం బ్రష్ పైకెత్తి, గోడమీది బొమ్మ ముందు ఆగిపోయాడు. నిచ్చెనెక్కి బోర్డు రాస్తున్న మనిషి వీపు అది.

“ఆగిపోయారేంటండీ? బొమ్మలున్న గోడల్లో ఇదొక్కటే మిగిలింది. ఎవరో దొంగచాటుగా గీసి కాలవగట్టంతా పాడుచేస్తున్నారని కంప్లైంటిచ్చింది మీరే కదా!” అంది మున్సిపల్ ఆఫీసర్ ఉమాశ్రీ.

భాస్కరం దగ్గరగా వంగి చూశాడు. రంగు కింద సన్నటి నీలం గళ్ళు కనిపించాయి. దారానికి నీలం పొడి రాసి, బిగలాగి కొట్టిన గీతలు. ఈ ఊళ్ళో అలా కొట్టేది తనొక్కడే. నేర్పింది ఒక్కరికే.

“ఇది మా అమ్మాయి హారతి వేసిందండి.”

ఉమాశ్రీ గొంతు తగ్గింది. “కిందటి నెల జ్వరంతో పోయిన... ఆ అమ్మాయేనా అండీ?”

“అవునండి. ఆడపిల్ల గోడల మీద బొమ్మలేస్తే నలుగురూ నవ్వుతారని దాని బ్రష్‌లన్నీ కాలవలో పారేశాను. మానేసిందనుకున్నానండి.”

“అయితే ఇది ఉంచేద్దామండి. ఆఫీసులో నేను చెప్పుకుంటాను.”

భాస్కరం సున్నం ఆరిన తన చేతుల వంక చూసుకున్నాడు.

“పొద్దుటినుంచి పదకొండు గోడలకి సున్నం కొట్టేశానండి,” అన్నాడు. “ఒక్క బొమ్మా చూళ్ళేదు.”