వస్తాదు గారి బల్లులు

"ఏమే, ఆ మూలనున్న సంచిలో తవుడు గానీ తీశావా?" గుమ్మంలోంచే అడిగింది అత్తగారు.

"తీశాను. ట్రేలన్నిటికీ అదే వేస్తున్నాగా. పురుగులు ఎలా బలిశాయో చూడండి" అంది కోడలు, అమ్మకానికి పెంచే పురుగుల ట్రేల్లో తవుడు మీద క్యారెట్ ముక్కలు పరుస్తూ.

అత్తగారి చేతిలోని చీపురు జారిపోయింది.

"అయ్యో నా తల్లీ! అందులో ఎలుకల మందు కలిపానే!"

కోడలి చెయ్యి ట్రేలోనే ఆగిపోయింది. వేళ్ల సందుల్లోంచి పసుపుపచ్చటి పురుగులు నింపాదిగా పాకుతున్నాయి. ఒక్కటీ చావలేదు. ఒక్కటీ నీరసించలేదు.

"మందు కలిపితే ఇవెలా బతికున్నాయి?"

"నన్నడుగుతావేం? సంచికి కన్నం కనిపించింది, కలిపాను. నా మొగుడికి కూడా నేనింత శ్రద్ధగా వడ్డించలేదు. పురుగులకి నువ్వు పూటపూటా కొసరి కొసరి వడ్డిస్తావని కలగన్నానా?"

కోడలికి చప్పున గుర్తొచ్చింది. పొద్దున్నే ఈ ట్రేల్లోంచే పురుగుల్ని జల్లెడ పట్టి, పెద్ద డబ్బా నింపి పంపించింది. వస్తాదు గారింటికి.

పెంపుడు బల్లులున్నవాళ్లు గుప్పెడు పురుగులు కొనుక్కెళతారు. వస్తాదుకు డబ్బా నిండా కావాలి. "పెద్ద జాతి బల్లులు చెల్లెమ్మా, తిండికి తిమ్మరాజులు" అనేవాడు. అవి ఎలా ఉంటాయో ఆమె ఎప్పుడూ చూడలేదు. డబ్బా గేటు దగ్గరే అందుకునేవాడు. మెడ ఎక్కడ ఆగిందో, భుజం ఎక్కడ మొదలైందో తెలియని మనిషి. గేటుకు అడ్డంగా ఆపిన కారును ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టాడని వీధంతా చెప్పుకుంటారు.

పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

"పురుగులకి ఆ మందు పట్టదమ్మా. కడుపులో పెట్టుకుని హాయిగా తిరుగుతాయి. ముప్పంతా వాటిని తిన్న ప్రాణికే" అన్నాడాయన. "పైకేమీ కనపడదు. లోపల నెత్తురు కారడం మొదలయ్యాకే తెలుస్తుంది. విరుగుడు సూది ఉంది, ఇప్పుడే వేస్తే గండం గడుస్తుంది. మోతాదు బరువును బట్టి వెయ్యాలి. ఒక్కో బల్లి ఎంత బరువుందో కనుక్కుని చెప్పు."

వస్తాదుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

చెప్పుల్లో కాళ్లు దూరుస్తుంటే అత్తగారు చెయ్యి పట్టుకుంది. "పిచ్చిదానా, పులి నోట్లో తల పెడతావా? ఊరుకో. బల్లి పోతే ఆయుష్షు తీరి పోయిందనుకుంటాడు."

"నా పురుగులు తిని పోతుందత్తయ్యా" అని చెయ్యి విడిపించుకుంది.

వస్తాదు ఇంటి గేటు తోసుకుని లోపలికి పరుగెత్తింది. తలుపు వారగా తెరిచి ఉంది. లోపలి గదిలోంచి కరకరమని నమిలే చప్పుడు. ఒక నోరు కాదు, చాలా నోళ్లు.

తింటున్నాయి!

"ఏం చెల్లెమ్మా, ఇలా పరుగెత్తుకొచ్చావ్?" వస్తాదు గుమ్మం నిండా వచ్చి నిలబడ్డాడు. లోపలేముందో చూసేందుకు సందు లేదు.

"అన్నా, పురుగులు... పెట్టేశారా?"

"పెట్టకేం! ఈసారి సరుకు భలే ఉంది. మంచి కండ పట్టాయి."

"ఆపండి. ముందు తినడం ఆపించండి!"

"ఎందుకమ్మా?"

ఆ క్షణం వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. అత్తగారి మాట చెవిలో గింగురుమంది. లోపల ఇంకా కరకరమంటూనే ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. తవుడు, ఎలుకల మందు, లోలోపల కారే నెత్తురు.

"తప్పు మాదే. కొడతారో, కేసే పెడతారో, తర్వాత చూసుకుందాం. ముందు బల్లుల్ని బతికించుకుందాం అన్నా."

దెబ్బ కోసం ఎదురుచూసింది. పడలేదు. కళ్లు తెరిచింది. వస్తాదు ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. కారును ఎత్తిన ఆ చేతులు గజగజ వణుకుతున్నాయి.

"నూనెలో వేయిస్తే... ఆ విషం పోదా?" అన్నాడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"బల్లులకి ఎవరైనా వేయించి పెడతారా అన్నా? వేడికి పోయేదైతే డాక్టరు గారు చెప్పేవారుగా!" ఆమె అప్పటికే ఫోన్ కలిపింది. "ఇదిగో, ఆయన లైన్లో ఉన్నారు. బరువు చెప్పండి, సూది సిద్ధం చేస్తారు. త్వరగా! ఒక్కో బల్లి ఎంతుంటుంది?"

వస్తాదు పెదవులు తడుపుకున్నాడు.

"నేనైతే తొంభై ఆరు కిలోలు చెల్లెమ్మా... లోపల తింటున్న నా శిష్యుల్ని తూచి చెప్పాలి."