పచ్చాకు ముద్ర

“ఈ ఎరుపు ఎక్కడిది?” అడిగింది తనిఖీ మేడమ్, తొట్టిలోకి వంగి చూస్తూ.

“టమాటాదే మేడమ్,” అన్నాడు సూపర్‌వైజర్.

“పురుగుల్ని నలిపి తీసే రంగు ఒకటుంది. అది కలిపి టమాటా అని చెప్పేవాళ్లని చాలామందిని చూశాను.”

“అయ్యయ్యో! మా షెడ్డులో చీమ కూడా చావదు మేడమ్.”

ఆమె నవ్వలేదు. చేతిలోని కాగితం మీద ఒక గడిలో టిక్కు పెట్టుకుంది.

అది సాస్‌ల ఫ్యాక్టరీ. పచ్చాకు ముద్ర కోసం ఫ్యాక్టరీ వాళ్లు ఆర్నెల్లుగా కాళ్లరిగేలా తిరుగుతున్నారు. సీసాలో జంతువుల నుంచి వచ్చింది ఏదీ లేదని ఆ ముద్ర సాక్ష్యం. సరుకు కొనే పెద్ద దుకాణం వాళ్లు ఒకటే మాట చెప్పారు. ఈ సాయంత్రంలోగా ముద్ర పడకపోతే సరుకు వద్దు. సరుకు కదలకపోతే షెడ్డుకు తాళం, నలభై మంది ఆడవాళ్లు ఇంటికి. పదకొండింటికి వస్తానన్న మేడమ్ తొమ్మిదిన్నరకే దిగింది.

ఆవిడ దేన్నీ వదల్లేదు. ఆవ సాస్ సీసా ఎత్తి, “ఈ తీపి తేనెది కాదుగా?” అంది. చక్కెరను తెల్లబరచడానికి ఎముకల బొగ్గు వాడతారని చెప్పి, మిల్లుకు అప్పటికప్పుడు ఫోన్ చేయించింది. నల్ల సాస్‌లో చేప లేదని, మయోనైజ్‌లో గుడ్డే కాదు, పాలపొడి కూడా లేదని కాగితాలు తెప్పించుకుని ఒక్కో అక్షరం చదివింది. చివరికి లేబుళ్లు అంటించే జిగురును కూడా వాసన చూసింది.

సూపర్‌వైజర్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

టమాటా గుజ్జు తొట్టి దగ్గర, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ చేయి ఆపకుండా కలుపుతోంది. పొడుగాటి గరిటె అడుగుదాకా పోతోంది, అంచు వెంట నెమ్మదిగా పైకి వస్తోంది, మళ్లీ పోతోంది. పైకి వచ్చినప్పుడల్లా ఆమె అందులోకి తొంగి చూస్తోంది.

“ఎంత శ్రద్ధో!” మెచ్చుకుంది మేడమ్. “ఇంకా పొయ్యి మీదకే ఎక్కలేదు, అప్పుడే ఇంత కలపాలా?”

పెద్దక్క గరిటెను ఇంకా లోతుకు దించింది.

“అడుగున గింజలుంటాయి మేడమ్. ఒక్కటి మిగిలినా ఆవిడకి నిద్రపట్టదు,” అందుకున్నాడు సూపర్‌వైజర్.

పన్నెండు కావస్తుండగా పెద్దక్క గోడ గడియారం చూసింది. మేడమ్ పక్క గదిలోకి వెళ్లగానే సూపర్‌వైజర్ చేయి పట్టుకుంది.

“అన్నా, నీకు దణ్ణం పెడతా. ఆవిణ్ని ఓ పది నిమిషాలు టీకి తీసుకెళ్లు. తొట్టి వంచేసుకుంటాం.”

“వంచితే ఎందుకని అడుగుతుంది. ఏం చెప్తావ్? నలభై ఇళ్ల పొయ్యిలు ఆరిపోతాయక్కా. ఆవిడ వెళ్లాక నీ ఇష్టం.”

“ఓర్చుకో అక్కా, ఇంకాసేపేగా,” అంది మూతలు బిగించే ఆవిడ, తల ఎత్తకుండా.

పెద్దక్క మళ్లీ గరిటె అందుకుంది.

ఒంటిగంట దాటాక మేడమ్ చివరి ప్రశ్నకు వచ్చింది. దానికి జవాబు ఆఫీసు వాళ్లు చెబితే ఆవిడ రాసుకోదట. పని చేసే చేతులనే అడుగుతుందట. తిన్నగా తొట్టి దగ్గరికి నడిచింది.

“అమ్మా, నువ్వు చెప్పు. నీ మాటే రాసుకుంటాను. ప్రాణమున్న దేనిదైనా, రవ్వంతైనా ఇందులో ఉందా?”

మూతల చప్పుడు ఆగిపోయింది.

పెద్దక్క షెడ్డంతా ఒకసారి కలయజూసింది. అందరూ ఆమె నోటినే చూస్తున్నారు.

“లేదమ్మా,” అంది.

మేడమ్ చెంచాతో కాస్త గుజ్జు తీసి నాలుక మీద వేసుకుంది. “అబ్బ, ఎంత తాజాగా ఉందో!” అంటూ ముద్ర కొట్టేసింది. సూపర్‌వైజర్ పరుగున వెళ్లి కారు తలుపు తీశాడు.

కారు గేటు దాటగానే పెద్దక్క గరిటె విసిరేసి, భుజాల దాకా రెండు చేతులూ గుజ్జులో ముంచి వెతకసాగింది, పొద్దున ముక్కలు కోసే మిషన్‌లో తెగి ఆ తొట్టిలో పడిన, పన్నెండులోగా తెస్తే అతికిస్తానని డాక్టరు చెప్పిన తన కూతురి వేలి కోసం.