భోక్తగారి త్రేనుపు

“ఒరేయ్ రఘూ, ఆయన ఇంకా త్రేన్చలేదేమిట్రా?” వంటింటి గుమ్మంలోంచి అడిగింది శ్యామలాంబ.

ఇవాళ రఘురామ్ వాళ్ల నాన్న ఆబ్దికం. నాన్న స్థానంలో విస్తరి ముందు కూర్చున్న భోక్త రాధాకృష్ణమూర్తిగారు గారె ముక్క నోట్లో వేసుకుని అదేపనిగా నములుతున్నారు. ఆ గారె ఎప్పుడో మళ్లీ పిండైపోయి ఉంటుంది. అయినా ఆయన వదలడం లేదు.

శ్యామలాంబ రఘురామ్‌కి మేనత్త, పోయినాయనకి స్వయానా చెల్లెలు. భోక్త కడుపారా తిని త్రేన్చితేనే పైనున్న పెద్దాయన కడుపు నిండినట్టు, అప్పటిదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు అన్నది ఆవిడ శాస్త్రం. అది ఏ పుస్తకంలో ఉందని అడిగే ధైర్యం ఆ వంశంలో ఇంతవరకు ఎవరికీ పుట్టలేదు.

రఘురామ్ బాధ ఆకలి కాదు. నాన్న బతికున్నన్నాళ్లూ తను ఏం చేసినా “ఏదో ఉందిలే” అనేవాడు. గుంటూరు కాలేజీలో ఉద్యోగం వస్తే ఏదో ఉందిలే. సొంతిల్లు కడితే ఏదో ఉందిలే. ఒక్కసారైనా ఆ మనిషి చేత బాగుందనిపించుకోవాలని కొడుక్కి తీరని కోరిక. ఇక ఆ మాట ఎటూ రాదు. వస్తే గిస్తే త్రేనుపే రావాలి.

“ఆయన వస్తూనే చెప్పారు అత్తయ్యగారూ,” అంది రఘురామ్ భార్య మనోజ్ఞ. పొద్దుటినుంచి మడిచీరతో పొయ్యి దగ్గర నిలబడి ఆమె మొహం పీక్కుపోయింది. “ఆయనకి కడుపుబ్బరమట. గబగబా మింగొద్దు, బాగా నమలమన్నాడట డాక్టరు. తింటూ మాట్లాడితే గాలి లోపలికి పోతుందట. సోడాలు మానెయ్యాలట. తిన్న వెంటనే పడుకోకుండా కాసేపు నడవాలట. ఇవన్నీ చేస్తుంటే అసలు త్రేనుపన్నదే రావట్లేదని తెగ మురిసిపోయారు.”

“ఆయన మురిసిపోతే మా అన్నయ్య పస్తుండాలా?” శ్యామలాంబ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. “దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. ఆ డాక్టరు వద్దన్నవన్నీ వరసగా చేయించరా.”

రఘురామ్ నేతి గిన్నె పట్టుకుని ఆయన పక్కన చేరాడు. “కానివ్వండి మూర్తిగారూ, పప్పు చల్లారిపోతోంది. రెండు ముద్దల్లో అయిపోతుంది, కానివ్వండి.”

మూర్తిగారు చెయ్యెత్తి అభయమిచ్చారు. పప్పన్నం కూడా నమలడం మొదలుపెట్టారు.

“మాటల్లోకి దింపరా,” అని లోపల్నుంచి సలహా వచ్చింది.

“ఈ ఏడు మిర్చి రేటు ఎట్లా ఉంటుందంటారు?” అన్నాడు రఘురామ్. గుంటూరులో ఆ మాటెత్తితే నోరు విప్పని మనిషి ఉండడు. మూర్తిగారి పెదవులు కదిలాయి. అంతలో డాక్టరు గుర్తొచ్చాడో, భోక్తకి మౌనమన్న నియమమే గుర్తొచ్చిందో, టక్కున మూసుకున్నాయి. అప్పుడే వీధిలోంచి మిరపకాయల బస్తాల లారీ వెళ్లింది. ఆ ఘాటుకి మూర్తిగారు గట్టిగా తుమ్మారు. రఘురామ్ ఆశగా మేనత్త వంక చూశాడు.

“తుమ్ము లెక్కలోకి రాదు,” అంది శ్యామలాంబ.

చివరి అస్త్రంగా గోలీసోడా తెప్పించారు. మడివంటలోకి బజారు సోడా ఏమిటని మనోజ్ఞ నోరెళ్లబెట్టింది.

“నీళ్లకి అంటు గానీ గాలికి అంటేమిటే?” అంది శ్యామలాంబ. ఏడాది పొడుగునా కొళాయి నీళ్లకి కూడా వంకపెట్టే మనిషి, స్వయంగా సోడా కొట్టి గ్లాసులో పోసి పంపింది. మూర్తిగారు దాన్ని చూసి, పాముని చూసినట్టు పీట వెనక్కి జరుపుకున్నారు. మజ్జిగన్నం పూర్తిచేసి ఉత్తరాపోశన పట్టి చెయ్యి కడుక్కున్నారు.

“తృప్తి అయిందాండీ?” అడిగాడు రఘురామ్.

“దివ్యంగా ఉంది నాయనా. తృప్తే.”

“మాటకేం, మొహమాటానికి ఎవరైనా అంటారు,” అంది శ్యామలాంబ. “మంచం వాల్చు. నడుం వాలిస్తే అదే వస్తుంది.”

“అమ్మో, పడుకోకూడదమ్మా,” అని మూర్తిగారు పంచె సర్దుకుని హాల్లో నడక మొదలుపెట్టారు. ఆయన వెనక చేతులు జోడించుకుని రఘురామ్, అతని వెనక విసనకర్రతో శ్యామలాంబ. గోడ పట్టుకుని నిలబడ్డ మనోజ్ఞ, ఈ ఊరేగింపు ఆగేసరికి తన ఆబ్దికం కూడా పెట్టాల్సి వస్తుందేమోనని భయపడింది.

సోఫా దగ్గర మలుపు తిరుగుతూ మూర్తిగారు ఉన్నట్టుండి ఆగారు. ఛాతీ మీద చెయ్యేసుకున్నారు. కళ్లు మూతపడ్డాయి. లోపలెక్కడో గుడగుడమంది.

“బ్రేవ్!”

కిటికీ అద్దాలు అదిరాయి. రఘురామ్ అక్కడికక్కడే సాష్టాంగపడ్డాడు. “నాన్నా,” అన్నాడు. నలభై ఏళ్లొచ్చిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

“అన్నయ్యదే,” శ్యామలాంబ కొంగుతో కళ్లొత్తుకుంది. “అచ్చం అదే గొంతు. మనోజ్ఞా, విస్తళ్లు వెయ్యవే.”

మూర్తిగారు ఇబ్బందిగా నవ్వి, రఘురామ్ భుజం పట్టి లేపారు.

“తొందరపడకు నాయనా. ఇది మొన్న వినుకొండలో నేను ఆబ్దికం భోంచేసిన కరణంగారిది, మీ నాన్నగారు ఇంకా ఆయన వెనకాలే ఉన్నారు.”