బై చెప్పని మేడం

ఆదివారం మధ్యాహ్నం. స్పీకర్లో మాట్లాడుతున్న అవతలామె ఫోన్ పెట్టేసింది. ‘ఉంటాను’ అనలేదు, ‘బై’ అనలేదు.

కొమురయ్య అన్నం పళ్లెం పక్కకు నెట్టాడు.

“ఎవలే అది? మాట కాంగనే మొఖం మీద తలుపేసినట్టు చేస్తది?”

“లీనా మేడం, బాపూ. ఎప్పుడూ గంతే,” అంది రవళి.

రవళి సంగారెడ్డిలో సైకాలజీ ఎమ్మే చదువుతోంది. ఆ కాలేజీలో ఒక్కో విద్యార్థికీ వేరే దేశపు సైకాలజిస్టు ఒకరిని మెంటర్‌గా ఇచ్చారు. వారానికోసారి ఫోన్లో మాట్లాడి దారి చూపాలి. రవళికి వచ్చినామెది దక్షిణాఫ్రికాలోని డర్బన్.

ఆర్నెల్ల కిందట తల్లి అరుణమ్మ పోయాక రవళి మంచం దిగలేదు. చదువు మానేస్తానంది. మళ్లీ ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సెక్కిందంటే ఆ ఫోన్ వల్లే.

ఆ సంగతి కొమురయ్యకు తెలుసు. అదే అతనికి గిట్టలేదు. తండ్రి ఇంట్లో ఉండగా, తల్లి కోసం ఏడ్చేది పరాయిదాని దగ్గరా?

భార్య పోయిన నాటి నుంచి అతను ఎవరినీ క్షమించలేదు. జబ్బును గ్యాసు నొప్పి అన్న డాక్టరును తిట్టాడు. సెలవివ్వని సూపర్‌వైజరుతో మాటలు మానేశాడు. దినాలయ్యాక గడప దాటుతూ ‘పోయొస్త బావా’ అన్న బావమరిది నరేష్‌ను మళ్లీ ఇంటికి రానివ్వలేదు. కూర తెచ్చిచ్చిన పక్కింటి ముత్యమ్మనూ కసిరి పంపాడు.

ఇప్పుడు లీనా వంతు.

సోమవారం డ్యూటీ ఎగ్గొట్టి కాలేజీకి వెళ్లాడు. మెంటర్ల వ్యవహారం చూసే పద్మావతి మేడం కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

“పోయేటప్పుడు ఒక్క మాట అనది. మర్యాద తెల్వని మనిషి మనసు గురించి ఏం చెప్తది? మార్చుండ్రి. లేకుంటే పిల్లను మాన్పిస్త.”

కారణం కనుక్కుంటానంది పద్మావతి. కారణాలు వినడానికి రాలేదన్నాడు. గొంతు పెరిగింది. వరండాలో పిల్లలు ఆగి చూశారు. చివరికి ఆమె సరేనంది.

ఆ సాయంత్రం ఇంట్లో రవళి వచ్చి తండ్రి ముందు నిలబడింది.

“నన్నొక మాట అడగొద్దా? ఆమె దగ్గర్నే నాకు అమ్మ పేరెత్త బుద్ధయితది, బాపూ.”

“మరి నేను సచ్చిన్నా?”

రవళి లోపలికి వెళ్లిపోయింది.

కొత్త మెంటర్ హుషారైనవాడు. పెట్టేసే ముందు బై చెప్పి, మళ్లీ వస్తానని, మళ్లీ కలుద్దామని ఒకటికి రెండుసార్లు అన్నాడు. ఆ ఇంగ్లీషుకు అర్థమేమిటో కొమురయ్య కూతురిని అడిగి తెలుసుకున్నాడు.

“గిట్లుండాలె మనిషంటె,” అన్నాడు.

తర్వాతి ఆదివారం రవళి ఫోన్ ఎత్తలేదు. మరునాడు బస్సెక్కలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. తండ్రి అరిచాడు, బతిమాలాడు. తిరగలేదు.

పళ్లు కొరుక్కుంటూ కొమురయ్య పద్మావతికి ఫోన్ చేశాడు.

“పాతామెనే ఇయ్యుండ్రి మేడం.”

“అడిగాను కొమురయ్యగారూ. ఇంటిపెద్ద వద్దన్నాక మళ్లీ రానన్నారు. ఇంకో అమ్మాయిని తీసుకున్నారు.”

“గంత పౌరుషమా? ఒక్క మంచి మాట అననామెకు?”



“అది కూడా అడిగాను. మా ఇళ్లలోనూ ఉన్నదే, నాకే తట్టలేదు,” అంది పద్మావతి. “ఆమె ముత్తాత చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్లిన తెలుగువాడట; ఏడాది తిరగని చావింట్లో ‘వెళ్లొస్తా’ అనకూడదని, చెప్పకుండానే కదలాలని వాళ్ల నాయనమ్మ నేర్పిందట.”