అదురు పట్టే పెట్టె

"బామ్మగారూ, ఇందాక ఏం చేశారు? పెట్టెలో గీత ఒక్కసారిగా పైకెగిరింది."

కింది గదిలో అద్దెకుంటున్న పిల్ల గుమ్మంలో నిలబడి అడిగింది. బామ్మ నాలిక కరుచుకుంది.

"పిండి డబ్బా చెయ్యి జారింది తల్లీ. నీ చదువు మీద పడ్డట్టేనా?"

"కొంచెం."

"రా, కూర్చో. ఎలా జారిందో చెబుతాను."

డబ్బా జారడం చెప్పడానికి బామ్మకు గంట పట్టింది. పెళ్లినాటి డబ్బా మరి. మధ్యలో ఆడపడుచులూ, తోడికోడళ్లూ, పోయిన పెద్దాయన గురకా అన్నీ వచ్చిపోయాయి. పిల్ల టీ తాగుతూ ఊఁ కొట్టింది.

పిల్ల చదివేది డేటా సైన్స్. అందులో ప్రత్యేకంగా ఫిజిక్స్ తీసుకుంది. తోటివాళ్లంతా వ్యాపారం లెక్కల వైపు పోయారు.

"ఫిజిక్స్‌కి నేనొక్కదాన్నే బామ్మగారూ. మాస్టారు నాక్కాదు, గోడకి పాఠం చెబుతున్నట్టుంటుంది" అంది వచ్చిన కొత్తలో.

గోడల అదురు పట్టే పెట్టె ఒకటి కాలేజీ వాళ్లు ఇచ్చారు. వీధిలో బళ్లు పోతే ఇల్లెంత అదురుతుందో పిల్ల లెక్క తేల్చాలి. పైన బామ్మ అడుగు వేసినా అందులో పడుతుంది. ఏది బండో, ఏది బామ్మో విడదీయాలి. అందుకే రోజూ సాయంత్రం ఈ విచారణ.

బామ్మకు దిగులు పట్టుకుంది. తన కాళ్ల మూలంగా పరాయి పిల్ల పరీక్ష తప్పితే? చెప్పులు మానేసింది. కుర్చీ కాళ్లకు గుడ్డలు చుట్టింది. పిల్లిలా నడిచింది. అయినా గీత ఎగురుతూనే ఉంది. నిన్న మోకాళ్ల నొప్పితో మంచం దిగకపోయినా ఎగిరిందట.

"గురక కూడా పట్టేస్తోందా ఏం?" అంటే పిల్ల నవ్వి, నొప్పి సంగతంతా అడిగి తెలుసుకుని మరీ వెళ్లింది.

ఇక లాభం లేదని బామ్మ సంచి సర్దుకుని కింది గది తలుపు తట్టింది.

"చెల్లెలింటికి పోతున్నాను. నీ పరీక్షలయ్యేదాకా రాను. హాయిగా చదువుకో."

పిల్ల ముఖం పాలిపోయింది.

"వద్దు బామ్మగారూ."

"మొహమాటమెందుకే? నాకు అక్కడా మంచమే, ఇక్కడా మంచమే. ఏదీ, ఆ పెట్టెను ఒకసారి చూపించు. పెద్దాయన పోయాక ఈ ఇంట్లో నా అలికిడి పట్టించుకున్నది అదొక్కటే."

పిల్ల తల వంచుకుంది.

"పోయిన నెలే తిరిగిచ్చేశాను, బామ్మగారూ."