జొన్నబెండు పడవ

"నోరు తెరువు పంతులూ" అన్నాడు మొండయ్య. అతని చేతిలో కమ్మరి పట్కారు ఉంది.

దశరథం సారును బడి గుంజకు కట్టేశారు. ఊరంతా వాకిట్లో నిలబడి ఉంది. పళ్లు ఊడగొడితే నోట మంత్రం పలకదని ఆ ఊళ్లో నమ్మకం. సాయానికి ఎవరైనా వస్తారేమోనని సారు హుస్నాబాద్ బాట వైపు చూశాడు. ఎవరూ లేరు.

"నేనేం చేసిన మొండయ్యా?"

"పిల్లల ముంగట బెండు పడవ నడిపిచ్చినవ్. గా దినం నుంచే నా చిన్నకొడుకు జరంతోని లేస్తలేడు. భానామతి గాకపోతే ఏంది?"

"గాలి లేదు, గడ లేదు. పడవ దానంతటదే ఎట్ల నడుస్తదమ్మా?" అంది గుంపులోంచి ఎల్లక్క.

"కర్పూరంతోని నడుస్తది. అది సైన్సు పాఠం."

"సైన్సో, సైతానో!"

కొందరు నవ్వారు. మొండయ్య నవ్వలేదు. సారు దవడ పట్టుకున్నాడు.

"జర ఆగు" అన్నాడు అరుగు మీది ఊరిపెద్ద బుచ్చిరాములు. "పంతులు ఏమంటడో ఇందాం."

దశరథం దవడ విడిపించుకున్నాడు. "పెద్దయ్యా, మంత్రమైతే నాకొక్కనికే రావాలె. పిల్లలల్ల ఎవలితోనన్న చేపిచ్చి చూడుర్రి. నేను పెదవి గూడ కదపను."

తల్లులు పిల్లల చేతులు గట్టిగా పట్టుకున్నారు. మొండయ్య కూతురు ఐలవ్వ ముందుకొచ్చింది. నాలుగో జమాతు చదువుతోంది.

"నేను చేస్త బాపూ."

"ఇంటికి పోతవా లేదా!"

"చెయ్యనీ" అన్నాడు బుచ్చిరాములు.

ఎవరో పళ్లెంలో నీళ్లు, ఇంత కర్పూరం తెచ్చారు. ఐలవ్వ జొన్నబెండు చీల్చింది. వెనక కొసకు గాటు పెట్టి కర్పూరం పలుకు ఇరికించింది. నీళ్ల మీద వదిలింది.

పడవ కదల్లేదు.

"అయిపాయె" అన్నాడు మొండయ్య. పట్కారు ఎత్తాడు.

"ఆగు బాపూ! తల్లెకు నూనె జిడ్డున్నది. జిడ్డుంటే నడువది."

నీళ్లు పారబోసింది. పళ్లాన్నీ చేతుల్నీ బూడిదతో తోమి కడిగింది. కొత్త నీళ్లు పోసి, ఇంకో బెండు చీల్చి వదిలింది.

పడవ కదిలింది. పళ్లెం అంచు దాకా పోయి, తాకి, తిరిగి, మళ్లీ ఉరికింది. పిల్లలు చేతులు విడిపించుకుని పళ్లెం చుట్టూ మూగారు.

"కర్పూరం కరిగినకాడ నీళ్ల పట్టు సడలుతది. ముంగటి నీళ్లు పడవను గుంజుకపోతయ్. గంతే. మంత్రం లేదు, గింత్రం లేదు!" అంది ఐలవ్వ.

దశరథం ఊపిరి వదిలాడు. మొండయ్య పట్కారు దించాడు.

"నా బిడ్డ నడిపిచ్చె!" అన్నాడు చుట్టూ చూస్తూ.

తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. పళ్లెం దగ్గర ఐలవ్వ ఒక్కతే మిగిలింది.

బుచ్చిరాములు అరుగు దిగాడు. పడవను చూశాడు. పిల్లను చూశాడు.

"ఇగ ఇద్దరైన్రు మొండయ్యా" అన్నాడు. "ముందుగాల ఎవలి పండ్లు పీకుతవ్?"